రెండోది చూశావా?



ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కలిశామో ఆమె పేరు ఆహ్వానపత్రిక మీద ఉంది. నేను మాత్రం వార్డులో అందరం పిలిచినట్టే పెద్ద సిస్టర్ అంటాను. ఆమెను పేరు పెట్టి పిలిచిన అలవాటు మాలో ఎవరికీ లేదు. ఇప్పుడు మైకు ముందు మొదలుపెట్టమంటే నోరు తిరగదు. పెద్ద సిస్టర్ పుస్తకాలు రాయలేదు, సెమినార్లలో మాట్లాడలేదు. సర్వీసంతా మంచాల మధ్యే గడిపారు. ఆమె దగ్గర పనిచేసిన వాళ్లందరికీ ఒక ప్రశ్న మాత్రం జీవితాంతం చెవిలో మోగేలా మిగిల్చారు.

"సిస్టర్, ఆరో బెడ్ తాతకు ఎడమ కాలు వాచింది" అని ఎవరైనా పరిగెత్తుకొస్తే ఆమె అడిగేది ఒకటే: "రెండోది చూశావా?" చూడలేదంటే కోప్పడేవారు కాదు, చూసి రమ్మనేవారు. రెండు కాళ్లూ వాచి ఉంటే గుండె, మూత్రపిండాలు, కాలేయం, రక్తంలో ప్రొటీను గురించి ఆలోచించాలి. ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా ఉండి, నొక్కితే నొప్పి అంటే రక్తనాళంలో గడ్డ కట్టిందేమోనని డాక్టర్‌ని అప్పటికప్పుడు పిలవాలి. ఏ దారిన వెళ్లాలో చెప్పేది వాచిన కాలు ఒక్కటే కాదు, రెండో కాలు కూడా.

చర్మం, జుట్టు, గోళ్ల పరీక్షను పుస్తకాలు మనకు ఒక జాబితాగా నేర్పుతాయి. రంగు, తేమ, వేడి, సాగే గుణం, వాపు, పుండు. జాబితా కంఠతా వచ్చిన పిల్లలు పరీక్ష పాసవుతారు, సందేహం లేదు. కానీ వేడి అంటే దేనికంటే వేడి? నలుపు అంటే దేనికంటే నలుపు? పక్కన ఇంకొకటి పెట్టి చూస్తే తప్ప జాబితాలో ఏ మాటకూ అర్థం రాదు. ఈ చోటును పక్క చోటుతో, కుడిని ఎడమతో, ఇవాళ్టిని నిన్నటితో పోల్చాలి. ఈ పరీక్ష అంతా ఆ పోల్చడమే అన్నది నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది. మెట్లుమెట్లుగా చెబుతాను.

1. ఒళ్లంతా చూసేది ఎవరు

శరీరంలో అతి పెద్ద అవయవం చర్మం. పెద్దవాళ్లలో పరిస్తే రెండు చదరపు మీటర్లకు కాస్త తక్కువగా వస్తుంది. రౌండ్స్‌లో డాక్టర్ చూసేది అందులో కొంచెమే. ముఖం, ఛాతీ, పొట్ట, జబ్బు ఉన్న చోటు. మిగిలినదంతా చూసే వీలు నర్సుకే ఉంది. ఒళ్లు తుడిచేటప్పుడు, బెడ్‌పాన్ పెట్టేటప్పుడు, తుంటికి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు, కింద దుప్పటి మార్చేటప్పుడు, ఒక షిఫ్టులో ఎన్నోసార్లు.

స్క్రబ్ టైఫస్ సంగతే తీసుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ జ్వరం ఉంది. పొదల్లో, గడ్డిలో ఉండే నలుసంత పురుగు పిల్ల కుడితే వస్తుంది. చాలామందికి కుట్టిన చోట నల్లటి చెక్కు కడుతుంది, చుట్టతో కాల్చిన మచ్చ మాదిరి. నొప్పి ఉండదు, దురద కూడా ఉండదు, అందుకే రోగికే తెలియదు. ఆ మచ్చ ఎక్కువగా ఉండే చోట్లు చంక, గజ్జ, రొమ్ముల కింది మడత, మొలతాడు కింద. చామనఛాయ ఒంటి మీద, మడత లోపల, అది కంట పడటం తేలిక కాదు. మలేరియా లేదు, టైఫాయిడ్ లేదు, డెంగీ లేదు అని రిపోర్టులు ఒక్కొక్కటే వస్తుంటాయి, జ్వరం మాత్రం దిగదు. అప్పుడు స్పాంజ్ బాత్ ఇస్తూ చెయ్యి పైకెత్తి చంక తుడిచిన సిస్టర్ ఆ చెక్కును చూసిందంటే జబ్బు సగం తేలినట్టే. సకాలంలో డాక్సీసైక్లిన్ పడితే తగ్గిపోయే జబ్బు ఇది. ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా, మెదడు దాకా పోతుంది.

చెక్కు కనపడనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు, ఇదీ గుర్తుంచుకోండి. చర్మం అన్నిసార్లూ సాక్ష్యం చెప్పదు. కట్లపాము సంగతి పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు తెలుసు. రాత్రి నేల మీద పడుకున్న మనిషిని కరిస్తే కాటు గుర్తు కనపడకపోవచ్చు, వాపూ రాకపోవచ్చు. తెల్లారేసరికి కడుపు నొప్పి అంటాడు, కనురెప్పలు వాలిపోతుంటాయి. ఒంటి మీద ఏమీ లేదు కాబట్టి పాము కాదని మీరు అనకండి.

ఇప్పుడు కొంచెం చేదు మాట. మన పెద్దాసుపత్రుల్లో ఒళ్లు తుడిచే పని ఎప్పుడో అటెండెంట్ల చేతికి వెళ్లిపోయింది. కోడలో, కూతురో, డబ్బులిస్తే ఆయమ్మో తుడుస్తుంది. ఒక్క సిస్టర్ వార్డంతా చూసుకునే రాత్రుల్లో ఇంకేం చేస్తుందని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే పనితో పాటు ఆ పనిలో ఉన్న చూపును కూడా ఇచ్చేశాం. అటెండెంట్ తుడుస్తుంది, ఏం చూడాలో ఆమెకెవరూ చెప్పలేదు. పని తిరిగి తీసుకోలేకపోతే చూపునైనా తిరిగి తీసుకోవాలి. ఆమె తుడిచేటప్పుడు షిఫ్టుకు ఒక్కసారి పక్కన నిలబడండి. "అమ్మా, మీ అత్తగారి వీపు మీద ఎక్కడైనా నల్లబడినా, చెయ్యి పెడితే గట్టిగా తగిలినా నన్ను పిలువు" అని చెప్పండి. చెప్పిన మర్నాటి నుంచి ఆ కోడలు మనకంటే శ్రద్ధగా చూస్తుంది.

2. వెలుతురు, చెయ్యి

చర్మం చూడటానికి పగటి వెలుతురుకు మించింది లేదు. కిటికీ తెర తియ్యండి. పసుప్పచ్చని బల్బు కింద అందరికీ కామెర్లే, నీలం ఛాయ ట్యూబ్‌లైటు కింద అందరూ పాలిపోయినట్టే ఉంటారు. రాత్రిపూట అయితే టార్చి వెయ్యండి. నేరుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా వేస్తే చిన్న ఉబ్బు కూడా నీడతో బయటపడుతుంది.

తర్వాత చెయ్యి. వేడి తెలుసుకోవడానికి అరచేయి కంటే చేతి వెనక భాగం మంచిది. రెండు చేతులూ ఒకేసారి రెండు వైపులా పెట్టండి, తేడా వెంటనే తెలుస్తుంది. నీరు తగ్గిందేమో చూడటానికి చర్మం చిటికెతో పట్టి వదులుతాం కదా, ముసలివాళ్లలో చేతి వెనక పట్టుకోకండి. వయసుతోనే అక్కడ చర్మం వదులైపోతుంది, ఒంట్లో నీరు సరిపడా ఉన్నా మడత నిలబడే ఉంటుంది. మెడ ఎముక కిందో, రొమ్ము ఎముక మీదో చూడండి. పసిపిల్లల్లో పొట్ట మీద చూడాలి. మడత సర్దుకోవడానికి రెండు సెకన్ల కంటే ఎక్కువ పడితే ఆ బిడ్డ విషయంలో ఆలస్యం పనికిరాదు.

మన ఆడవాళ్ల ఒంటి మీద చూడాల్సినవి విదేశీ పుస్తకంలో దొరకవు. పసుపు రాసుకున్న పాదాలను చూసి కామెర్లనుకోవద్దు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న గోళ్లలో రక్తం తగ్గిందో లేదో కనపడదు, గోరు పెరిగి ఆ రంగు పోవడానికి నెలలు పడుతుంది. నాలుక, కింది కనురెప్ప లోపలి భాగం చూడండి. కాళ్లు వాస్తున్న మనిషికి మెట్టెలు బిగుసుకుపోకముందే తీయించాలి. ఇది సున్నితమైన విషయం. "మెట్టెలు తీసెయ్" అనకండి. "అమ్మా, వాపు ఎక్కువైతే వేలికి రక్తం ఆడదు, తీసి నీ కొంగుకే ముడి వేసుకో, తగ్గాక పెట్టుకుందువుగాని" అనండి. మొలతాడు కింద, తాయెత్తు కింద, పసుపుతాడు ఒరుసుకునే మెడ మీద తామర ఉంటుంది, ఒరుపు పుండ్లుంటాయి. తాడు జరిపి చూడాలి, అడిగి జరపాలి.

అడగటం అన్నాను కాబట్టి ఒక మాట. తెర వేయకుండా చీర తొలగించే హక్కు మనకు లేదు. పెద్దాయనను "తాతా, వీపు చూస్తాను, కొంచెం పక్కకు తిరుగుతారా" అంటే తిరుగుతారు. పిల్లకు వాతలు పెట్టి తెచ్చిన అమ్మమ్మనూ, కామెర్లకు పసరు వేయించిన తల్లినీ అందరి ముందు చివాట్లు పెట్టకండి. చివాట్లు తిన్నవాళ్లు మర్నాడు బిడ్డను చూపించరు. చేతుల మీద, వీపు మీద ఒకే రకం దెబ్బలు రకరకాల రంగుల్లో ఉన్న ఆడమనిషిని మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడే అడగండి, పక్కన భర్త ఉన్నప్పుడు కాదు.

3. పుస్తకంలో ఉన్నది ఎవరి ఒళ్లు

మనం చదివే పుస్తకాల్లో చర్మం బొమ్మలు చాలావరకు తెల్లవాళ్లవి. మంట పుట్టినచోట ఎర్రగా ఉంటుంది, ఆక్సిజన్ తగ్గితే నీలంగా ఉంటుంది, రక్తం తగ్గితే తెల్లబడుతుంది అని రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు, ఆ ఒళ్ల మీద నిజం. ఎండకు చర్మం ఎలా కందుతుందో చెప్పే ఫిట్జ్‌పాట్రిక్ వర్గీకరణ 1975లో మొదట తెల్ల చర్మాల కోసమే తయారైంది, గోధుమ, నలుపు రంగులను తర్వాత చేర్చారు. 2020లో లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్య విద్యార్థి, ఈ గుర్తులన్నీ నల్లటి ఒంటి మీద ఎలా ఉంటాయో ఎవరూ నేర్పడం లేదేమని అధ్యాపకులతో కలిసి ఒక చిన్న చేతి పుస్తకమే తెచ్చాడు. ఆ ప్రశ్న ఒక విద్యార్థి అడగాల్సి వచ్చిందన్నది గమనించండి, వెనక వరసల్లో కూర్చున్న నర్సింగ్ పిల్లలూ.

మన చామనఛాయ, నలుపు ఒళ్ల మీద ఎరుపు ఎరుపుగా కనిపించదు. చుట్టుపక్కల కంటే ముదురుగానో, ఊదాగానో, బూడిదగానో కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించనే కనిపించదు. అందుకని ఎరుపు కోసం వెతికితే మోసపోతాం. తేడా కోసం వెతకాలి. పక్కచోటు కంటే ముదురా? వేడా? గట్టిగా ఉందా, మెత్తగా లోపలికి పోతోందా? నిగనిగలాడుతోందా? నొప్పి అంటున్నారా? సెలైన్ సూది పెట్టిన చోట ఎర్రబడలేదు కదా అని వదిలేస్తే, ఆ చేతినీ రెండో చేతినీ పట్టుకు చూస్తే తెలిసిపోయే వేడి మనకు తెలియకుండా పోతుంది.

నీలిమ సంగతి ఇంకా చిక్కు. నీలం కంటికి కనపడాలంటే ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ డెసిలీటరుకు ఇంచుమించు 5 గ్రాములుండాలని పాత లెక్క ఒకటి మీరు చదివే ఉంటారు. హిమోగ్లోబిన్ మొత్తం కలిపినా డెసిలీటరుకు 6 గ్రాములే ఉన్న గర్భిణికి ఆ 5 ఎక్కడి నుంచి వస్తాయి? ఊపిరాడక కొట్టుకుంటున్నా ఆమె నీలం తిరగదు. ఇదేదో అరుదైన సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అందరిదీ తీవ్రమైనదని కాదు. మన వార్డులో నీలిమ లేదు అన్న మాటకు ఎంత బలముందో తూచుకోవడానికి చెబుతున్నాను. శ్వాస లెక్కపెట్టండి, ముక్కుపుటాలు ఎగరేస్తున్నారేమో చూడండి, పెదవి లోపలి వైపు, నాలుక కింద చూడండి.

వేలికి పల్స్ ఆక్సీమీటర్ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అనుకుంటున్నారు, ముఖాల్లో కనిపిస్తోంది. ఆ యంత్రం కూడా చర్మం గుండానే చూస్తుంది. 2020లో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు అచ్చు వేసిన పరిశీలనలో, యంత్రం బాగానే ఉందని చూపిస్తున్నా రక్తంలో ఆక్సిజన్ నిజానికి తగ్గి ఉండటం తెల్లవాళ్లలో కంటే నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా తేలింది. అది వాళ్ల దేశపు లెక్క, మన ఒంటి రంగులకు అలాగే అతికించకూడదు. అంకె ఒకటి చెబుతూ మనిషి ఇంకొకటి చెబుతుంటే మనిషిని నమ్మాలన్నంత వరకు తీసుకుంటే చాలు.

పాలిపోవడం చూడాలంటే ముఖం మీద వెతకొద్దు. కింది కనురెప్ప, నాలుక, అరచేయి. పిల్లల విషయంలో మన అంగన్‌వాడీ, ఆశా సిబ్బందికి నేర్పేది కూడా అరచేయే. బిడ్డ అరచేయి పక్కన తల్లి అరచేయి పెట్టి చూడటం అలవాటు. తల్లికే రక్తం లేకపోతే ఆ పోలిక మోసం చేస్తుంది, మీ చేయి కూడా పెట్టి చూసుకోండి.

కామెర్లకు కంటి తెల్లగుడ్డు. చాలాకాలం ఎండలో పనిచేసిన వాళ్లకు కంటి మూలల్లో మట్టిరంగు పసుపు మామూలుగానే ఉంటుంది. రెప్ప కింద దాగి ఉండే భాగం కూడా పచ్చగా ఉందా అన్నది చూడాలి. పుట్టిన బిడ్డల్లో పసుపు ముఖం నుంచి మొదలై కిందికి దిగుతుందని క్రామర్ 1969లో చెప్పింది ఇప్పటికీ నేర్పుతున్నాం. అరికాళ్ల దాకా దిగిందంటే ప్రమాదం. అంతవరకు పనికొస్తుంది కానీ ఎంత ఉందో కంటితో అంకె చెప్పబోకండి, రక్తపరీక్షకు పంపండి. ఆ బిడ్డ నడుము కింద నీలిబూడిద మచ్చ ఉంటే పుట్టిన రోజే రాసిపెట్టండి. మన పిల్లల్లో అది మామూలు పుట్టుమచ్చ. రాయకపోతే తర్వాత ఎవరైనా దెబ్బ తగిలిందనుకుంటారు.

4. వీపు

ఇక్కడ కొంచెం నిలబడతాను, పెద్ద సిస్టర్ కూడా ఇక్కడే నిలబడేవారు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో అచ్చువేసిన నర్సింగ్ పుస్తకంలో, రోగికి పడకపుండు పడితే అది సాధారణంగా జబ్బు తప్పు కాదు, సేవలో లోపమని తేల్చేసింది. ఇప్పుడు మనకు తెలిసినదాన్ని బట్టి అది కొంచెం కఠినమైన తీర్పు. రక్తపోటు పడిపోయిన రోగికి, చివరి రోజుల్లో ఉన్న రోగికి ఎంత చేసినా పుండు పడొచ్చు. అయినా నూటికి ఎక్కువసార్లు ఆమె మాట నిలుస్తుందనే నా అభిప్రాయం.

పుండు పడే ముందు ఒక దశ ఉంటుంది. చర్మం చిట్లి ఉండదు. వేలితో నొక్కి వదిలితే మామూలుగా ఎర్రబడిన చోటు ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. లోపల దెబ్బతిని ఉంటే తెల్లబడదు. అదే మొదటి దశ, అక్కడ పట్టుకుంటే ఒత్తిడి తీసేయగానే చాలావరకు సర్దుకుంటుంది. 2016లో అమెరికా నిపుణుల సంఘం దీన్ని పుండు అనడం మానేసి ఒత్తిడి గాయం అనడం మొదలుపెట్టింది కూడా అందుకే, చిట్లకముందే గాయం మొదలవుతుంది కాబట్టి. అయితే నల్లటి వీపు మీద తెల్లబడటం కనపడదు. పుస్తకం చెప్పిన పరీక్ష మన రోగుల్లో చాలామంది దగ్గర పని చేయదన్నమాట. అలాంటి ఒంటి మీద మొదటి దశ ఎవరూ చూడకుండా దాటిపోతుంది, రెండో దశలో చర్మం ఊడినప్పుడే రాతలోకి ఎక్కుతుంది.

ఏం చేయాలి? పక్కకు తిప్పిన వెంటనే చూడకండి, కొన్ని నిమిషాలు ఆగి చూడండి. అప్పటిదాకా నొక్కుకుపోయిన చర్మం తేరుకోవాలి కదా. నడుము చివరి ఎముక మీద చేయి పెట్టి, ఆ వెంటనే పక్కన కండ ఉన్న చోట పెట్టండి. ఎముక మీది చోటు వేడిగానో, కొన్నాళ్లయితే చల్లగానో ఉంటుంది. గట్టిగా తగలొచ్చు, లేదా పిండిలా మెత్తగా లోపలికి దిగొచ్చు. ఎడమ మడమను కుడి మడమతో, ఎడమ తుంటిని కుడి తుంటితో పోల్చండి. రోగి మాట్లాడగలిగితే "ఎక్కడ మంటగా ఉంది పెద్దమ్మా" అని అడగండి. కంటికి కనపడకముందే నొప్పి తెలుస్తుంది.

ఎముకల మీదే కాదు, మన పరికరాల కింద కూడా చూడండి. ఆక్సిజన్ ట్యూబు చెవి వెనక, మాస్కు ముక్కుదూలం మీద, క్యాథెటర్ తొడ మీద, పిండికట్టు అంచున. ఐసీయూలో వెల్లకిలా రోజులతరబడి ఉన్నవాళ్ల తల వెనక జుట్టు తప్పించి చూడండి, అక్కడ పుండు జుట్టు కింద దాక్కుంటుంది.

మన వార్డుల్లో కొన్ని అలవాట్లున్నాయి, మంచి ఉద్దేశంతో వచ్చినవే. స్పిరిట్, పౌడర్ వేసి ఎముకల మీద గట్టిగా రుద్దడం. నీళ్లు నింపిన గ్లవ్ మడమ కింద పెట్టడం. నడుం కింద గాలి రింగు పెట్టడం. ఇవేవీ పనికిరావని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. రుద్దితే దెబ్బతిన్న కణాలు ఇంకా నలుగుతాయి. గ్లవ్ మడమకు ఒత్తిడిని తగ్గించదు. రింగు దాని అంచు కింద రక్తాన్ని ఆపుతుంది. పిక్క కింద దిండు పెట్టి మడమ గాలిలో ఉండేలా చూడండి, దిండుకు డబ్బులక్కర్లేదు. ఎండాకాలం మెకింతోష్ రబ్బరు షీటు మీద చెమటలో నానే వీపును గుర్తుపెట్టుకోండి, తడిసిన చర్మం త్వరగా ఊడుతుంది.

1962లో డోరీన్ నార్టన్ సహచరులతో కలిసి ఇంగ్లండ్‌లో ముసలివాళ్ల వార్డుల కోసం చేసిన స్కేలు ఉంది, 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అచ్చువేసిన బ్రేడెన్ స్కేలు ఉంది. నార్టన్‌లో 14, అంతకు తగ్గితే, బ్రేడెన్‌లో 18, అంతకు తగ్గితే ప్రమాదమని లెక్క. వేయండి, తప్పకుండా వేయండి. కానీ మార్కులు కుర్చీలో కూర్చుని వేసేవాళ్లను నేను చూశాను. స్కేలు ఎవరిని ఎక్కువసార్లు తిప్పి చూడాలో చెబుతుంది. తిప్పి చూసే పని మాత్రం అది చేయదు.

5. మచ్చ

తెల్లమచ్చతో వచ్చిన మనిషికి మన ఊళ్లలో భయం ఒకటే, పెద్దరోగమేమోనని. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో నడిపిన ఆసుపత్రికి ఆ భయంతోనే ఎంతెంత దూరాల నుంచో జనం వచ్చేవారు. జాతీయ స్థాయిలో కుష్ఠు పదివేల మందికి ఒకటి కంటే తక్కువ కేసులకు దిగామని 2005 డిసెంబరుకల్లా దేశం లెక్క చూపింది. దిగింది కానీ పోలేదు, కొత్త కేసులు ఇప్పటికీ వస్తున్నాయి, పిల్లల్లో కూడా.

మచ్చ పాలలా తెల్లగా ఉండి స్పర్శ ఉంటే బొల్లి. గోకితే పొట్టు రాలే చిన్నచిన్న మచ్చలు శోభి. నుదుటి మధ్య గుండ్రంగా తెల్లబడితే స్టిక్కర్ బొట్టు జిగురును అనుమానించండి. చుట్టూ చర్మం కంటే కొంచెం పాలిపోయి, లేదా రాగిరంగులో ఉండి, ముట్టుకుంటే తెలియని మచ్చ కుష్ఠుకు గుర్తు. ఇక్కడ కూడా రంగు కాదు తేల్చేది, స్పర్శ. దూది పోచ చేసి ముందు మామూలు చర్మం మీద తాకించి, ఎలా ఉంటుందో రోగికి తెలియనివ్వండి. తర్వాత కళ్లు మూయించి మచ్చ మీద, మచ్చ బయట, రెండో చేతి మీద అదే చోట తాకించి, తాకిన చోట వేలు పెట్టి చూపించమనండి. "తెలుస్తోందా" అని ప్రతిసారీ అడగకండి. అడిగితే మొహమాటానికి తెలుస్తోందనే అంటారు.

అలాగే షుగర్ ఉన్నవాళ్ల పాదం. చెప్పులు లేకుండా పొలంలో తిరిగిన రైతు పాదంలో ముల్లు ఉన్నా తెలియదు. ఆనెకాయ అనుకున్నదాని కింద చీము ఉండొచ్చు. వేళ్ల మధ్య విడదీసి చూడండి. బోదకాలు ఉన్నవాళ్లకు కూడా అదే జాగ్రత్త. వేళ్ల మధ్య ఒరుపులోంచే క్రిములు లోపలికెళ్లి, కాలికి మాటిమాటికీ జ్వరంతో వాపు తెస్తాయి.

మెడ చుట్టూ మందంగా, మఖమల్లా నల్లబడ్డ ఆడపిల్లను తల్లి మురికి అని రుద్ది రుద్ది తెస్తుంది. మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. బరువు చూడండి, షుగర్ పరీక్ష రాయించండి, ఆ తల్లిని రుద్దడం ఆపమనండి.

6. గోరు, జుట్టు

వీటి గురించి తొందరగా చెబుతాను. ప్రాముఖ్యం తక్కువని కాదు, ఇవి చెప్పేది ఎక్కువగా పాత కబురు. చేతి గోరు నెలకు ఇంచుమించు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గోళ్లన్నిటి మీదా అడ్డంగా ఒకే ఎత్తులో పల్లం ఉంటే కొన్ని వారాలో నెలలో కిందట పెద్ద జబ్బు చేసి ఉంటుందని అర్థం. ఫ్రాన్స్‌లో బో అనే వైద్యుడు 1846లోనే ఇది రాశాడు. ఒక్క గోరు మీదే ఉంటే ఆ వేలికి దెబ్బ తగిలి ఉంటుంది. మళ్లీ అదే ప్రశ్న, మిగతావి చూశావా?

గోరు చెంచాలా లోపలికి వంగితే ఇనుము లోపం గుర్తుకు రావాలి. వేలి కొస ఉబ్బి గోరు గుండ్రమైతే ఊపిరితిత్తులు, గుండె. రెండు చూపుడు వేళ్ల గోళ్లను వీపులు కలిపి పెట్టి మధ్యలో చిన్న సందు ఉందేమో చూసే పరీక్ష మీకు తెలుసు. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు షామ్‌రాత్ తన గుండె పొరకు జబ్బు చేసినప్పుడు తన వేళ్ల మీదే గమనించి 1976లో రాసింది అది. మన రంగు చేతుల్లో చాలా గోళ్ల మీద సన్నని గోధుమ గీతలుంటే మామూలే. ఒక్క గోరు మీద కొత్తగా వచ్చి, వెడల్పవుతూ, చుట్టూ చర్మానికి పాకుతుంటే చర్మ వైద్యుడికి చూపించాలి.

జుట్టు రాలడం చూసి బెంబేలెత్తి వచ్చే బాలింతలు, డెంగీ నుంచి కోలుకున్నవాళ్లు ఉంటారు. జబ్బుకో కాన్పుకో రెండు మూడు నెలల తర్వాత రాలడం మొదలవుతుంది, చాలామందికి జుట్టు దానంతటదే తిరిగి వస్తుంది. గుండ్రంగా నున్నగా ఊడితే పేనుకొరుకుడు. పేరులో పేనుంది కదా అని మందు పోయకండి, దానికీ పేలకూ సంబంధం లేదు. తిండిలేని పిల్లల్లో జుట్టు ఎర్రబారి, ఒకే వెంట్రుక మీద నలుపు, ఎరుపు పట్టీలుగా మారుతుంటే ఆ బిడ్డ ఎప్పుడు తిన్నదో ఎప్పుడు మాడిందో అక్కడ రాసినట్టే. తిరుపతి మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చిన రోగి తల చూడటానికి మనకు మంచి అవకాశం, వదులుకోకండి.

7. నిన్నటితో

కుడి, ఎడమ ఒకే శరీరం మీద ఉంటాయి. నిన్న మాత్రం కాగితం మీదే ఉంటుంది. అది రాయకపోతే మన పోలికలో సగం పోతుంది.

కేస్ షీట్లు తిరగేస్తే "స్కిన్ ఇంటాక్ట్" అని వరసగా ఏడు షిఫ్టులు, ఎనిమిదో షిఫ్టులో ఒక్కసారిగా మూడో దశ బెడ్‌సోర్. కొవ్వు దాకా వెళ్లిన పుండు ఎనిమిది గంటల్లో తయారు కాదు. ఆ ఏడు రాతల్లో కొన్నిటికి ముందు ఎవరూ వీపు చూడలేదన్నమాట. చూసినవాళ్లు కూడా ఇంటాక్ట్ అన్న ఒక్క మాటలో తాము చూసింది పారేశారు. "నడుము చివర, 3 సెంటీమీటర్లు, పక్కచోటు కంటే ముదురు, వేడి, గట్టిగా ఉంది, చిట్లలేదు, నొప్పి అంటున్నారు, రాత్రి 10కి ఎడమ పక్కకు తిప్పాను." రాయడానికి ఒక నిమిషం పట్టదు. ఉదయం వచ్చే సిస్టర్‌కు దీనితో పని దొరుకుతుంది. 3 సెంటీమీటర్లు 4 అయిందా, వేడి తగ్గిందా, చూస్తుంది. ఇంగ్లిషు తడబడితే తెలుగులో రాయండి, అర్థమయ్యేలా ఉండటం ముఖ్యం.

కొలవడానికి స్కేలు వాడండి, రూపాయి బిళ్లంత, చింతగింజంత అనొద్దు. ఫోటో తీయాలంటే రోగి ఒప్పుకోవాలి, ఆసుపత్రి పద్ధతి ప్రకారం తీయాలి. మీ సొంత ఫోన్‌లో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం సాయం కాదు, నేరం కిందికి కూడా రావచ్చు. హ్యాండోవర్ టేబుల్ దగ్గర కాకుండా మంచం దగ్గర ఇచ్చుకోండి. కనీసం లేవలేని రోగుల వరకైనా దిగే సిస్టర్, ఎక్కే సిస్టర్ ఇద్దరూ కలిసి ఒకసారి వీపు తిప్పి చూడండి. ఇద్దరి చేతులూ ఒకే చోట పడితే తర్వాత తగాదా ఉండదు.

ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఒక విన్నపం. పూర్వ విద్యార్థినులు ఏర్పాటు చేసిన ఈ స్మారక నిధి వడ్డీలో ఉపన్యాసానికి, శాలువాకు పోగా మిగిలేది ఎంతో నాకు తెలియదు. శాలువా నాకు వద్దు. ఆ డబ్బుతో ప్రతి వార్డుకు ఒక మంచి టార్చి, సెంటీమీటర్ల టేపు, ముందువైపు వెనకవైపు మనిషి బొమ్మ గీసిన కాగితాల కట్ట కొనిపెట్టండి. అడ్మిషన్ రోజున ఆ బొమ్మ మీద గుర్తులు పెట్టి షీటులో జత చేస్తే చాలు.

టైము మించినట్టుంది. మీ ప్రశ్నలు వింటాను, మొదటి సంవత్సరం పిల్లల నుంచి మొదలుపెడదాం.